ఓటు వేసి ఓడించండి, మురగబెట్టకండి: ఆంధ్రప్రదేశ్ పార్లమెంటు సభ్యులకు సీమ నుంచి బహిరంగ లేఖ

కర్నూలు

గౌరవనీయులైన పార్లమెంటు సభ్యులకు,

నమస్కారాలు. లోక్‌సభలో మన రాష్ట్రం తరఫున ఉన్న 25 మందికి, రాజ్యసభలో ఉన్న 11 మందికి, పార్టీ తేడా లేకుండా ఈ లేఖ రాస్తున్నాం. మేం కర్నూలు, అనంతపురం, కడప కోర్టుల్లో పనిచేసే న్యాయవాదులం, ఇక్కడి కళాశాలల్లో రాజనీతిశాస్త్రం చెప్పే అధ్యాపకులం. ఇదే విషయం మీద ఇంతకుముందు వినతిపత్రాలు ఇచ్చాం, రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. అందినట్టు రసీదులు వచ్చాయి, జవాబు ఒక్కటీ రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాం.

మా ఫిర్యాదు ఒక్కటే. పార్లమెంటులో కొన్ని బిల్లులు ఓటింగు దాకా రాకుండానే చచ్చిపోతున్నాయి. కొన్ని ఎవరు ఎటు వేశారో తేలకుండానే చట్టాలైపోతున్నాయి. బిల్లును ఓటు వేసి ఓడిస్తే ఓడించినవారి పేర్లు రికార్డులో ఉంటాయి. ఎన్నికలప్పుడు ఊళ్లోకి వస్తే జనం అడుగుతారు, వాళ్లూ జవాబు చెప్పుకుంటారు. అదే బిల్లును వాయిదాల మీద వాయిదాలతో నానబెడితే అడగడానికి మనిషే దొరకడు. అధికారపక్షం ప్రతిపక్షం వల్ల అంటుంది, ప్రతిపక్షం స్పీకర్ వల్ల అంటుంది, స్పీకర్ స్థానం సభ సజావుగా లేదంటుంది. నష్టపోయిన రైతుకో, కూలికో, విద్యార్థికో ఈ ముగ్గురిలో ఎవరిని నిలదీయాలో తెలియదు.

అడ్డుపుల్ల వేసే దారులు చాలా ఉన్నాయి. బిల్లును ప్రవేశపెట్టి, చర్చకు సభా కార్యక్రమాల జాబితాలో ఎక్కించకపోవడం ఒకటి. స్పీకర్ ముందున్న ఖాళీ స్థలంలోకి, అంటే వెల్‌లోకి దూసుకొచ్చి సభను నడవనివ్వకపోవడం ఒకటి. ఎవరు ఎటు వేశారో తేల్చే ఓట్ల లెక్కింపు అడిగినా, 'అవును', 'కాదు' అన్న అరుపులను బట్టి మూజువాణి ఓటుతో తేల్చేయడం ఒకటి. బిల్లును లోతుగా పరిశీలించే సభ్యుల సెలెక్ట్ కమిటీకి పంపామని చెప్పి ఆ కమిటీనే వేయకపోవడం ఇంకొకటి. ఇవన్నీ నియమాల పుస్తకం చేతిలో పట్టుకునే జరుగుతాయి కాబట్టి బయటివాళ్లకు తప్పు ఎక్కడుందో కనిపించదు. కిందటి అనుభవాల్లోంచి, ముఖ్యంగా మన ప్రాంతం నష్టపోయిన చోట్ల నుంచి, ఒక్కొక్కటీ మీ ముందు పెడుతున్నాం.

1. విభజన చట్టం. 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టారు. ఐదు రోజుల తర్వాత, 18న, గందరగోళం మధ్య మూజువాణి ఓటుతో బిల్లు ఆమోదం పొందింది. ఆ సమయంలో ప్రత్యక్ష ప్రసారం కూడా ఆగిపోయింది. 20న బిల్లు రాజ్యసభకు వచ్చింది. ప్రత్యేక హోదా అయిదేళ్లపాటు ఇస్తామని నాటి ప్రధాని అక్కడ నోటిమాటగా చెప్పారు. ఆ మాటను సవరణగా బిల్లులో చేర్చి ఉంటే బిల్లు మళ్లీ లోక్‌సభకు వెళ్లాలి. 15వ లోక్‌సభ చివరి సమావేశం 21వ తేదీతో ముగిసింది. మాట సభా రికార్డులో ఉండిపోయింది, చట్టంలోకి ఎక్కలేదు.

చట్టంలోకి ఎక్కిన వాక్యాల సంగతీ చూడండి. పదమూడో షెడ్యూలు ప్రకారం వైఎస్సార్ జిల్లాలో సమీకృత ఉక్కు కర్మాగారం పెట్టడానికి వీలుందో లేదో కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ ఆరు నెలల్లో పరిశీలించాలి. 'పరిశీలించాలి' అన్నారు, 'స్థాపించాలి' అనలేదు. క్లాజుల వారీ చర్చ సవ్యంగా జరిగి ఉంటే ఆ ఒక్క క్రియ మీద ఎవరో ఒకరు సవరణ పెట్టి ఉండేవారు. పెట్టి ఓడిపోయినా ఎవరు వద్దన్నారో తెలిసేది. రాయలసీమకు, ఉత్తరాంధ్రకు ప్రత్యేక అభివృద్ధి ప్యాకేజీ విషయమూ అంతే. ఒడిశాలోని కలహండి–బొలంగీర్–కోరాపుట్, మధ్యభారతంలోని బుందేల్‌ఖండ్ ప్యాకేజీల తరహాలో అని సభలో చెప్పారు. మొత్తం ఎంతో, ఎన్నేళ్లో చట్టంలో రాయలేదు. చివరికి వచ్చింది వెనుకబడిన ఏడు జిల్లాలకు జిల్లాకు ఏడాదికి రూ.50 కోట్ల చొప్పున. అదీ నాలుగు రాళ్లు వేసి ఆగిపోయింది.

2. 2018 అవిశ్వాస తీర్మానం. హోదా అడగడానికి మన సభ్యులు మార్చి 16 నుంచి నోటీసులు ఇచ్చారు. లోక్‌సభ 198వ నియమం ప్రకారం 50 మంది లేచి నిలబడితే తీర్మానాన్ని చర్చకు తీసుకోవాలి. సభ సజావుగా లేదు, తలలు లెక్కపెట్టడం కుదరదు అన్న కారణంతో ఏప్రిల్ 6న సమావేశాలు ముగిసేదాకా దాన్ని చేపట్టలేదు. అయితే అదే సమావేశాల్లో, అలాంటి గందరగోళంలోనే, మార్చి 14న ఆర్థిక బిల్లు చర్చ లేకుండా ఆమోదం పొందింది. మంత్రిత్వ శాఖల పద్దులన్నిటినీ గిలెటిన్ చేసి, అంటే చర్చ లేకుండా కలిపి ఓటుకు పెట్టి, ఒక్క ఊపులో ముగించారు. దాదాపు రూ.24.42 లక్షల కోట్ల బడ్జెట్‌కు అడ్డురాని గోల 50 తలలు లెక్కపెట్టడానికి ఎందుకు అడ్డొచ్చిందో మాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆ గోలలో పొరుగు రాష్ట్రాల సభ్యుల సొంత డిమాండ్లూ ఉన్నాయి. ఒకరి గోడు ఇంకొకరి గోడును వినపడకుండా చేసింది. చివరికి జులై 20న చర్చ, ఓటింగు జరిగాయి. 126కు 325 ఓట్లతో తీర్మానం వీగిపోయింది. ఓడిపోయినా అది సరైన పద్ధతి. నాలుగు నెలల ముందే జరిగి ఉండాల్సింది.

3. విత్తన బిల్లు. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తున్నాం, ఎందుకంటే దీనికి పెడబొబ్బలు, సస్పెన్షన్లు ఏవీ లేవు. చప్పుడు లేకుండా మూలన పడింది, అంతే.

ఆదోని చుట్టుపక్కల పత్తి, పత్తికొండ వైపు టమాటా, కర్నూలు, నంద్యాల జిల్లాల్లో మిరప వేసే రైతుకు దిక్కు 1966 నాటి విత్తన చట్టం. దాన్ని ఉల్లంఘించి విత్తనం అమ్మినవారికి మొదటి తప్పుకు జరిమానా రూ.500 దాకా. రెండోసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా రూ.1,000 దాకా జరిమానా, లేదా రెండూ. పేరున్న హైబ్రిడ్ మిరప విత్తనం పది గ్రాముల పొట్లం కొన్నా దాదాపు ఆ మొదటి జరిమానా అంత అవుతుంది. పైగా ఆ చట్టం గట్టిగా పట్టుకునేది ప్రభుత్వం నోటిఫై చేసిన రకాలనే. ప్రైవేటు హైబ్రిడ్లు చాలావరకు ధ్రువీకరణ లేకుండా, కంపెనీ తనకు తాను వేసుకున్న లేబుల్ మీద అమ్ముడుపోతాయి. ఆ చట్టం కింద ప్రతి రకాన్నీ రిజిస్టరు చేయించాలన్న నిబంధన లేదు.

ఈ లోటు పూడ్చడానికి 2004 డిసెంబరులో రాజ్యసభలో కొత్త బిల్లు పెట్టారు. అమ్మే ప్రతి రకమూ రిజిస్టరు కావాలనీ, చెప్పినట్టు పండకపోతే రైతుకు పరిహారం ఇప్పించే కమిటీ ఉండాలనీ అందులో రాశారు. బిల్లులను పరిశీలించే పార్లమెంటు సభ్యుల కమిటీ, వ్యవసాయ స్థాయీ సంఘం, 2006లో నివేదిక ఇచ్చింది. రైతు సంఘాలు అభ్యంతరాలు చెప్పాయి: విత్తనం ధర మీద అదుపు లేదు, జరిమానాలు చాలవు, పరిహారం నిబంధన బలహీనం. అవి న్యాయమైన అభ్యంతరాలే. వాటికి మందు సవరణలు పెట్టి, చర్చించి, ఓటు వేయడం. ఆ పని జరగలేదు. రాజ్యసభలోనే పెండింగులో ఉన్న బిల్లు కాబట్టి లోక్‌సభ రద్దయినా అది మురిగిపోదు, అంటే చెల్లకుండా పోదు. అలా 2009 ఎన్నికలు దాటింది, 2014 ఎన్నికలు దాటింది, చట్టం మాత్రం కాలేదు. 2019లో మళ్లీ ఇంకో ముసాయిదా బయటికి వచ్చింది.

ఈలోగా పొలంలో జరిగేది ఇది. విత్తనం మొలవకపోతే రైతు కొన్న రసీదు, ఖాళీ పొట్లం, ట్యాగు చూపించాలి. రసీదు ఇవ్వని దుకాణమైతే అక్కడికే కథ అయిపోయింది. మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, పొలం పరిశీలనకు బృందం రావాలి, నివేదిక రావాలి. పత్తిలో మొలక బాగానే వచ్చి, చెట్టు ఏపుగా పెరిగి, కాయ పట్టకపోతే ఆ సంగతి తేలేది రెండు నెలలు దాటాక. అప్పటికి అదును పోయింది. మళ్లీ విత్తడానికి తేమ ఉండదు, అప్పు ఇచ్చేవాడూ ఉండడు. కొన్న గింజంతా భూమిలో పడిపోయి ఉంటుంది కాబట్టి ప్రయోగశాలకు పంపడానికి నమూనా మిగలదు. కంపెనీ వకీలు కోర్టులో మొదట అడిగేది ఆ నమూనానే. రైతు కూడా వినియోగదారుడే, వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చు అని 2012లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది కాబట్టి ఆ దారి ఒకటి ఉంది. అది ఏళ్ల తరబడి నడిచే దారి. వచ్చే ఖరీఫ్ పెట్టుబడికి అది అందిరాదు.

4. మహిళా రిజర్వేషన్ బిల్లు. 1996లో మొదటిసారి పెట్టారు. 1998లో, 1999లో మళ్లీ పెట్టారు. 1998లో సభలోనే ప్రతులు లాక్కుని చించేశారు. 2010 మార్చి 9న రాజ్యసభ 186–1 తేడాతో ఆమోదించింది. అందుకోసం మార్షల్స్‌ను పిలిచి సభ్యులను బయటికి మోయించాల్సి వచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్లు లోక్‌సభలో దాన్ని చర్చకు ఎక్కించనే లేదు. 2014లో సభ రద్దవడంతో రాజ్యాంగం 107వ అధికరణ ప్రకారం మురిగిపోయింది. ఒక సభ దాదాపు ఏకగ్రీవంగా ఆమోదించిన బిల్లు మురిగిపోయింది, ఏ సభా ఓటు వేయని విత్తన బిల్లు పెండింగులో బతికి మిగిలింది. విద్యార్థులకు ఈ నియమం పాఠంగా చెప్పేటప్పుడు వాళ్లు అడిగే ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు.

2023 సెప్టెంబరులో బిల్లు కొత్తగా వచ్చి లోక్‌సభలో 454–2, రాజ్యసభలో 214–0 ఓట్లతో గట్టెక్కింది. ఇంత మంది ఒప్పుకునేదానికి 27 ఏళ్లు పట్టింది. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. సర్పంచిగా, ఎంపీటీసీగా పదేళ్లు పనిచేసి బడ్జెట్లు, తీర్మానాలు నేర్చుకున్న ఆడబిడ్డకు ఆ పై మెట్టు ఎక్కే దారి ఒక తరం పాటు మూసి పెట్టారు. 2019లో ఎన్నికైన లోక్‌సభలో 543 మందికి మహిళలు 78 మంది. చట్టమయ్యాక కూడా జనగణన, దాని తర్వాత నియోజకవర్గాల పునర్విభజన జరిగితేగాని అమల్లోకి రాదని అందులోనే రాసుకున్నారు.

5. కర్నూలు, హైకోర్టు, శాసనమండలి. ఇది పార్లమెంటు సంగతి కాదు గానీ ఎత్తుగడ అదే, దెబ్బ మా ఊరికి తగిలింది కాబట్టి చెప్పక తప్పదు. మూడు రాజధానుల మీద మాలోనే భిన్నాభిప్రాయాలున్నాయి. ఇక్కడ మేం మాట్లాడేది పద్ధతి గురించి.

1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడికలో రాజధాని, హైకోర్టులలో ఒకదాన్ని ఎంచుకునే హక్కు సీమకు ఇచ్చారు. 1953 అక్టోబరు 1 నుంచి 1956 దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని. ఆ తర్వాత రెండూ లేవు. కర్నూలును న్యాయ రాజధానిగా చూపిన బిల్లును 2020 జనవరి 20న శాసనసభ ఆమోదించింది. మండలిలో ముందు ప్రభుత్వ విధానాన్ని తిరస్కరించే 71వ నియమం కింద తీర్మానం తెచ్చారు. 22న చైర్మన్ 154వ నియమం కింద విచక్షణాధికారం వాడి బిల్లును సెలెక్ట్ కమిటీకి పంపారు. కమిటీ వేయాల్సిన ఫైలును మండలి కార్యదర్శి నియమాలు ఒప్పుకోవంటూ వెనక్కి పంపారు. ఒక పక్షం పంపామంటుంది, ఇంకో పక్షం అసలు పంపడమే చెల్లదంటుంది. కమిటీ ఒక్కసారి కూడా కూర్చోలేదు. కూర్చుని ఉంటే కర్నూలు, అనంతపురం, కడప వచ్చి జనం మాట వినేది. మండలినే రద్దు చేయాలని శాసనసభ జనవరి 27న తీర్మానించింది. జూన్‌లో బిల్లు రెండోసారి మండలికి వెళ్లింది. 17న దాన్ని చేపట్టకుండానే సభ నిరవధికంగా వాయిదా పడింది. నెల గడిచాక 197వ అధికరణ కింద ఆమోదం పొందినట్టే లెక్కగట్టి గవర్నరు జులై 31న సంతకం పెట్టారు. 2021 నవంబరులో ప్రభుత్వమే ఆ చట్టాన్ని ఉపసంహరించుకుంది. ఇంత కథలో మండలి ఆ బిల్లు మీద 'అవును' అనో 'కాదు' అనో ఒక్కసారీ ఓటు వేయలేదు.

ఆ జూన్ 17న అక్కడే ఆగిపోయింది ఇంకొకటి ఉంది: ఖజానా నుంచి డబ్బు తీయడానికి అనుమతిచ్చే ద్రవ్యవినిమయ బిల్లు. మండలి తిప్పి పంపకపోతే 14 రోజులు ఆగాలి. దాంతో జులై 1న రావాల్సిన జీతాలు, పింఛన్లు ఆలస్యమయ్యాయి. అది కరోనా కాలం. పింఛను మీద బతికే పెద్దమనిషికి మూడు రాజధానుల గొడవతో ఏం సంబంధం?

నేటికీ ఆదోని నుంచో, మంత్రాలయం నుంచో బెయిలు కోసం, సర్వీసు కేసు కోసం హైకోర్టుకు వెళ్లాలంటే మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు పోవాలి. రాత్రంతా బస్సులో ప్రయాణం, అక్కడ లాడ్జి ఖర్చు, కేసు ఆరోజు పిలవకపోతే మళ్లీ అదే. కర్నూలులో బెంచి కోసం 2024 నవంబరులో శాసనసభ తీర్మానం చేసింది. దాన్ని ఢిల్లీలో వెంటబడి సాధించాల్సింది మీరే.

6. లెక్కింపు లేని మూజువాణి ఓటు. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో సాగు బిల్లుల మీద లెక్కింపు కావాలని సభ్యులు అడిగారు. వాళ్లు తమ సీట్లలో లేరన్న కారణంతో మూజువాణి ఓటుతో ముగించారు. మరునాడు 8 మందిని సస్పెండ్ చేశారు. చట్టాలు ఎంత మందికి నచ్చాయో అక్కడే తేలి ఉంటే, సెలెక్ట్ కమిటీకి పంపాలన్న సవరణ నెగ్గేదో ఓడేదో తెలిసి ఉంటే, ఏడాది పాటు రైతులు ఢిల్లీ పొలిమేరల్లో కూర్చోవాల్సి వచ్చేది కాదేమో. 2021 నవంబరు 29న ఆ చట్టాలను రద్దు చేసినప్పుడూ చర్చ లేదు. రెండు సభల్లో ఒకే రోజు ముగించారు. మార్కెట్ యార్డు బయట అమ్మకం మంచిదో చెడ్డదో ఆదోని పత్తి రైతుకు, కర్నూలు ఉల్లి రైతుకు పార్లమెంటు వచ్చేటప్పుడూ చెప్పలేదు, పోయేటప్పుడూ చెప్పలేదు.

7. ఖాళీ బెంచీల ముందు చట్టాలు. 2023 డిసెంబరులో పార్లమెంటు భద్రతా లోపం మీద ప్రకటన అడిగినందుకు లోక్‌సభలో 100 మందిని, రాజ్యసభలో 46 మందిని సస్పెండ్ చేశారు. ప్లకార్డులు పట్టుకుని సభను ఆపడం తప్పే. అందుకు 146 మందిని బయట ఉంచి, శిక్షాస్మృతి మొదలు సాక్ష్యాధారాల చట్టం దాకా మూడింటినీ 20, 21 తేదీల్లో మార్చేయడం అంతకు మించిన తప్పు. ఆ బిల్లులను స్థాయీ సంఘం చూసిన మాట నిజమే. సభలో మాత్రం గట్టిగా ప్రశ్నించేవాళ్లలో చాలామంది లేరు. ఫలితం రెండు వారాలు తిరక్కుండానే రోడ్డు మీద కనిపించింది. ప్రమాదంలో మనిషి చనిపోతే చెప్పకుండా వెళ్లిపోయినవారికి పదేళ్ల దాకా జైలు అన్న కొత్త శిక్షాస్మృతి 106(2) సెక్షన్ మీద జనవరి మొదట్లో దేశమంతా లారీ డ్రైవర్లు బళ్లు ఆపేశారు. పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరారు. ఆగితే జనం కొడతారు, ఆగకపోతే జైలు, మధ్యలో మాకు దారేది అన్నది వాళ్ల ప్రశ్న. తాడిపత్రి గ్రానైటు, యర్రగుంట్ల సిమెంటు మోసే డ్రైవరును ఎవరిని అడిగినా ఈ మాట సభకన్నా ముందే చెప్పేవాడు. చివరికి ఆ ఒక్క ఉపసెక్షన్‌ను పక్కనపెట్టి మిగతా చట్టాన్ని 2024 జులై 1 నుంచి అమలు చేశారు.

8. ప్రశ్నోత్తరాల సమయం. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు ఉంటాయి. మంత్రి నిలబడి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. ఉదయం 11 గంటలకే సభ వాయిదా పడితే ఆ ప్రశ్నలకు రాతపూర్వక జవాబులు బల్ల మీద పెట్టి చేతులు దులుపుకుంటారు. 'పరిశీలనలో ఉంది' అని రాసిన కాగితాన్ని తిరిగి ప్రశ్నించలేం. కడప ఉక్కు మీద ఇలాంటి కాగితాలు కట్టలుగా ఉన్నాయి. సభను ఆపితే ప్రభుత్వం ఇరుకున పడుతుందనుకుంటారు గానీ, ప్రశ్నోత్తరాల గంట పోతే ఊపిరి పీల్చుకునేది మంత్రులే.

9. గల్ఫ్ వలస. పాత కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌కు వెళ్లే ఆడవాళ్లకు, కూలీలకు 1983 నాటి వలస చట్టం మీద ఆధారపడాల్సిన పరిస్థితి. దాన్ని మార్చడానికి 2019లో ఒక ముసాయిదా, 2021లో ఇంకొకటి ప్రజల ముందు పెట్టారు. రెండూ చట్టాలు కాలేదు. దొంగ ఏజెంటు చేతిలో మోసపోయి పాస్‌పోర్టు యజమాని దగ్గర ఇరుక్కున్న మనిషికి సభలో సమయం చాలలేదన్న జవాబు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

సమయం ఎందుకు చాలదో కూడా చూడండి. మొదటి లోక్‌సభ ఏడాదికి సగటున 135 రోజులు కూర్చుంది. 17వ లోక్‌సభ అయిదేళ్లలో కలిపి కూర్చున్నది 274 రోజులు, అంటే ఏడాదికి 55. 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు స్థాయీ సంఘాలకు వెళ్లాయి, 17వ లోక్‌సభలో 16 శాతం. ఉప సభాపతిని వీలైనంత త్వరగా ఎన్నుకోవాలని రాజ్యాంగం 93వ అధికరణ చెబుతుంటే 17వ లోక్‌సభ అయిదేళ్లూ ఉప సభాపతి లేకుండానే గడిచింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. సభను స్తంభింపజేసేవాళ్లందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. ఏ అంశం ఎప్పుడు చర్చకు రావాలో నిర్ణయించడంలో ప్రభుత్వానిదే పైచేయి. వాయిదా తీర్మానం ఇస్తే తోసిపుచ్చవచ్చు, రాజ్యసభలో మిగతా పనులు ఆపి చర్చ కోరే 267వ నియమం కింద నోటీసులు దాదాపు ఎప్పుడూ ఒప్పుకోరు. 2023 వర్షాకాల సమావేశాల్లో మణిపుర్ మీద చర్చ ఏ నియమం కింద జరగాలన్న పట్టుదలతోనే రోజులు గడిచిపోయాయి. మాట్లాడే దారి మూసేస్తే వెల్‌లోకి రావడం తప్ప ఇంకేం చేస్తారు అన్న ప్రశ్నలో నిజం ఉంది. బ్రిటన్ కామన్స్ సభలో ఒక్కో సమావేశ కాలంలో 20 రోజులు ప్రతిపక్షానికి వదిలేస్తారు. మన దగ్గర అలాంటిది లేదు. కాబట్టి మా డిమాండ్లు రెండు పక్షాలకూ వర్తిస్తాయి.

మీ నుంచి మేం కోరేవి:

ఒకటి. ప్రతి బిల్లు చివరి దశలో మన సభ్యుల్లో ఒకరైనా లెక్కింపు అడగాలి. లోక్‌సభ 367వ నియమం ఆ హక్కు ఇస్తోంది. లాబీలు ఖాళీ చేయించి, మూడున్నర నిమిషాలు ఆగి, మీట నొక్కించడానికి పట్టే సమయం అయిదు నిమిషాలకు మించదు. అడిగేటప్పుడు దయచేసి మీ సీట్లోనే ఉండండి. వెల్‌లో నిలబడి అడిగితే తిరస్కరించడానికి సాకు మీరే ఇచ్చినట్టు.

రెండు. అవిశ్వాస తీర్మానానికి 50 మంది సంతకాలు రాతపూర్వకంగా ఇస్తే చాలు, లేచి నిలబడే లెక్క అక్కర్లేదు అని 198వ నియమాన్ని సవరించాలని లోక్‌సభ నియమాల కమిటీకి ప్రతిపాదన పంపాలి. 2018లో మన రాష్ట్రంలోని రెండు ప్రధాన పార్టీలవాళ్లూ ఈ దెబ్బ తిన్నారు కాబట్టి ఇందులోనైనా కలిసి సంతకం పెట్టడానికి అభ్యంతరం ఉండకూడదు.

మూడు. స్థాయీ సంఘానికి పంపని ప్రతి ముఖ్యమైన బిల్లుకూ, సెలెక్ట్ కమిటీకో ప్రజాభిప్రాయ సేకరణకో పంపాలన్న సవరణ పెట్టాలి. కమిటీ నివేదికకు గడువు తేదీ ఆ సవరణలోనే రాయాలి. గడువు లేని కమిటీ ఏమవుతుందో కర్నూలు చూసింది.

నాలుగు. రాజ్యాంగ పనితీరు సమీక్షకు వేసిన జాతీయ కమిషన్ 2002లో లోక్‌సభ ఏడాదికి కనీసం 120 రోజులు, రాజ్యసభ 100 రోజులు కూర్చోవాలని చెప్పింది. దానికి చట్టబద్ధత కోసం ప్రైవేటు మెంబరు బిల్లు, అంటే మంత్రి కాని సభ్యుడు సొంతంగా పెట్టే బిల్లు, పెట్టండి. అలాంటి బిల్లులు 1970 తర్వాత ఒక్కటీ చట్టం కాలేదని మాకు తెలుసు. పెడితే చర్చ జరుగుతుంది, శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర గంటలు మీవే.

ఐదు. వారానికి ఒక రోజు ప్రతిపక్షం ఎంచుకున్న అంశానికి కేటాయించాలని సభా కార్యకలాపాల సలహా సంఘంలో అడగండి. అధికార కూటమిలో ఉన్న సభ్యులకు ఇది మరీ ముఖ్యం. రేపు మీరు అటు కూర్చున్నా పనికొస్తుంది.

ఆరు. ఏ కారణంతోనైనా సరే ప్రశ్నోత్తరాల గంటను మాత్రం ఆపబోమని 36 మందీ ఒక ప్రకటన మీద సంతకం చేయాలి. విభజన హామీల మీద మంత్రులు చెప్పిన ప్రతి మాటనూ ప్రభుత్వ హామీల సంఘం ముందు పెట్టాలి. సభలో ఇచ్చిన హామీని మూడు నెలల్లో నెరవేర్చాలన్న నియమం ఉంది.

ఏడు. ప్రతి సమావేశం ముగిసిన 15 రోజుల్లో మీ హాజరు, మీరు అడిగిన ప్రశ్నలు, పెట్టిన సవరణలు, ఏ బిల్లుకు ఎటు ఓటు వేశారు, సభ వాయిదా పడిన రోజుల్లో మీరెక్కడున్నారు అన్న వివరాలు తెలుగులో ముద్రించి కలెక్టరేటులో, ప్రతి మండల కార్యాలయంలో అతికించాలి. హాజరు పడితే దినభత్యం వస్తుంది. ఏ రోజుకు ఏం పని జరిగిందో తెలుసుకునే హక్కు మాకు ఉంది.

ఎనిమిది. విత్తన చట్టం, వలస చట్టం ఈ రెండింటి మీద ప్రభుత్వం బిల్లు తెచ్చినప్పుడు మన 36 మంది ఓటు వేయకుండా బయటికి నడవకూడదు. బిల్లులో లోపం ఉంటే సవరణ పెట్టండి. పరిహారం ఎన్ని రోజుల్లో ఇవ్వాలి, నమూనా మిగలనప్పుడు నిరూపించే భారం ఎవరి మీద ఉండాలి, రసీదు ఇవ్వని దుకాణానికి శిక్ష ఏమిటి అన్న మూడింటి మీద సవరణల పాఠం మేమే రాసి ఇస్తాం. ఉచితంగా ఇస్తాం, పేరు కూడా పెట్టుకోం. సవరణ ఓడిపోయాక బిల్లు నచ్చకపోతే వ్యతిరేకంగా మీట నొక్కండి. అది మీ హక్కు, మేం తప్పుపట్టం.

వచ్చే పార్లమెంటు సమావేశాలు మొదలయ్యే లోపు ఒక్కొక్కరూ ఈ ఎనిమిదింటిలో దేనికి ఒప్పుకుంటున్నారో, దేనికి ఒప్పుకోవడం లేదో, ఎందుకో రాతపూర్వకంగా చెప్పాలని కోరుతున్నాం. వచ్చిన జవాబులను యథాతథంగా మూడు జిల్లా కేంద్రాల్లోనూ కోర్టు ఆవరణల్లో, బస్టాండుల్లో ప్రదర్శిస్తాం. రాని జవాబుల స్థానంలో సభ్యుని పేరు, నియోజకవర్గం, ఖాళీ గడి ఉంటాయి.

ఇట్లు,
కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల న్యాయవాదులు, రాజనీతిశాస్త్ర అధ్యాపకులు